చెత్త విలువను సాల్వర్ ఎలా మింగేస్తుంది: ఇనిషియలైజ్ కాని వేరియబుళ్ల వేట (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వెళ్దాం. అవకలన సమీకరణాలను సాధించే సాల్వర్ ఒకటి ఉందనుకోండి. నిన్న సరిగ్గా నడిచింది. ఈ రోజు అదే ఇన్‌పుట్ ఇస్తే "స్టెప్ సైజు మరీ చిన్నదైపోయింది, సమస్య స్టిఫ్‌గా ఉన్నట్టుంది" అని ఆగిపోయింది. స్టెప్ అంటే సాల్వర్ కాలంలో వేసే ఒక్కో అడుగు; స్టిఫ్ అంటే మరీ చిన్న అడుగులు వేస్తే తప్ప స్థిరంగా నడవని సమస్య. ఎక్కడ ఆగిందో చూద్దామని మధ్యలో ఒక ప్రింట్ పెడితే చక్కగా నడిచింది. ప్రింట్ తీసేస్తే మళ్లీ ఆగింది. డీబగ్గర్‌లో నడిపితే అసలు ఆగనే ఆగదు. ఇప్పుడు చెప్పండి, మీరు ముందు దేన్ని అనుమానిస్తారు?

చాలామంది సమీకరణాన్ని అనుమానిస్తారు. టాలరెన్స్, అంటే ఎంత తప్పు ఒప్పుకోవచ్చన్న హద్దు, సడలిస్తారు. తెలిసిన విలువలతో నేరుగా లెక్కించే ఎక్స్‌ప్లిసిట్ పద్ధతి వదిలేసి, ప్రతి స్టెప్‌లోనూ సమీకరణాలు సాధించే ఇంప్లిసిట్‌కి మారతారు. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ప్రింట్ పెడితే సమీకరణంలో స్టిఫ్‌నెస్ తగ్గుతుందా? తగ్గదు కదా! ప్రింట్ వల్ల మారేది ముఖ్యంగా మెమరీలో ఏది ఎక్కడ ఉందన్నది. మెమరీ అమరిక మారితే సమాధానం మారుతోందంటే, మనం రాయని చోటు నుంచి ప్రోగ్రాం ఏదో చదువుతోందని అనుమానించాలి. ఈ రోజు మాట్లాడేది అలా విలువ ఇవ్వకుండానే చదివే, అంటే ఇనిషియలైజ్ కాని, వేరియబుళ్ల గురించే. వాటిలో మిగిలి ఉన్న పాత విలువనే చెత్త విలువ అంటున్నాను.

మామూలు ప్రోగ్రాంలో ఇలాంటి చెత్త విలువ చదివితే తరచుగా ఎక్కడో ఒకచోట కూలిపోతుంది, మనకు తెలుస్తుంది. సాల్వర్ సంగతి వేరు. తనంతట తాను స్టెప్ సర్దుకునే సాల్వర్‌ను కష్టమైన సమస్యను తట్టుకోవడానికే కట్టాం. ఒక స్టెప్‌లో వచ్చిన లెక్క తప్పు అంచనా ఎక్కువైతే స్టెప్ తగ్గిస్తుంది, తక్కువైతే పెంచుతుంది. చెత్త విలువ వచ్చినా దానికి అది ఒక కష్టమైన సమస్యలాగే కనిపిస్తుంది, అలాగే సర్దుకుపోతుంది. అందుకే ఈ తప్పు బయటికి గణితం తప్పులా కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. మొదటి స్టెప్ సైజు, హెచ్ అనుకుందాం, దానికి విలువ ఇవ్వడం మరిచిపోయాం. లైనక్స్‌లో 64 బిట్ మెషీన్ మీద ఆ చోట అంతకుముందు ఏదో పాయింటర్, అంటే ఒక మెమరీ అడ్రస్, ఉండి ఉంటుంది. పాయింటర్ బిట్లను డబుల్‌గా, అంటే 64 బిట్ల దశాంశ సంఖ్యగా, చదివితే ఎంత వస్తుంది? సుమారు 6.9 × 10⁻³¹⁰. ఈ సంఖ్యను గుర్తుపెట్టుకోండి. మీ అవుట్‌పుట్‌లో ఎక్కడైనా 10⁻³¹⁰ చుట్టుపక్కల విలువ కనిపించిందంటే, పది సార్లలో తొమ్మిది సార్లు అది పాయింటర్ అవశేషమే. సరే, హెచ్ అంత చిన్నదిగా మొదలైంది. కాలం సున్నా దగ్గర మొదలైతే ఏమవుతుంది? తప్పు అంచనా సున్నా వస్తుంది, సాల్వర్ స్టెప్‌ని గరిష్ఠంగా పెంచుతుంది. ఒక్కో అడుగుకి పది రెట్లు పెంచుకుంటూ పోయినా, 10⁻³ దాకా రావడానికి 300కి పైగా అడుగులు పడతాయి. ఆ తరవాత అంతా మామూలే. సమాధానం? సరైనదే! అంకెలన్నీ సరిపోతాయి. తేడా కనిపించేది అడుగుల లెక్కలో మాత్రమే. అదే కాలం 1 దగ్గర మొదలైందనుకోండి, 1కి 10⁻³¹⁰ కలిపితే 1 అలాగే ఉంటుంది కాబట్టి, సాల్వర్ "స్టెప్ మరీ చిన్నది" అని వెంటనే ఆగిపోవచ్చు. తప్పు ఒకటే, పర్యవసానాలు రెండు.

అందుకని మొదటి సలహా, చాలా చవకైనది. ప్రతి రన్ చివర మూడు పూర్ణాంకాలు అచ్చు వెయ్యండి: ఒప్పుకున్న స్టెప్‌లు ఎన్ని, తిరస్కరించినవి ఎన్ని, కుడివైపు ఫంక్షన్‌ని, అంటే అవకలజాలను లెక్కించే ఫంక్షన్‌ని, ఎన్నిసార్లు పిలిచాం. అదే బైనరీ, అదే మెషీన్, అదే ఇన్‌పుట్, ఒకే థ్రెడ్. ఈ మూడూ ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా వదలొద్దు. సమాధానం ఆరు దశాంశాల వరకు సరిపోయిందని సంతృప్తి పడొద్దు.

చెత్త ఎందుకు దాక్కుంటుంది

ఇప్పుడు అసలు చిక్కు. ఇది కొన్నిసార్లే ఎందుకు బయటపడుతుంది? సీలో మెమరీ అడిగే ఫంక్షన్ మాలాక్ కదా, అది ఇచ్చే మెమరీని ఎవరూ శుభ్రం చెయ్యరు. కానీ ఆపరేటింగ్ సిస్టం నుంచి కొత్తగా వచ్చే పేజీలు మాత్రం సున్నాలతోనే వస్తాయి. లైనక్స్‌లోని సీ లైబ్రరీ జీలిబ్‌సీలో మామూలుగా 128 కిలోబైట్లు, అంతకు మించిన అభ్యర్థనలు నేరుగా ఆపరేటింగ్ సిస్టంకి వెళ్తాయి. ఈ గీత ప్రోగ్రాం నడుస్తుండగా పైకి జరగొచ్చు కూడా, అది వేరే విషయం. 128 కిలోబైట్లంటే ఎన్ని డబుల్స్? 16,384. అంటే 20,000 సమీకరణాలున్న సిస్టంలో మధ్య లెక్కలకి వాడే మీ వర్క్ అర్రే సున్నాలతో వచ్చి అంతా బాగుంటుంది, 200 సమీకరణాలున్న చిన్న టెస్టులో పాత చెత్తతో వచ్చి తప్పు చూపిస్తుంది. పెద్దది నడుస్తోంది, చిన్నది నడవడం లేదు! తలకిందులుగా ఉంది కదా? కారణం ఇదే.

డీబగ్గర్‌లో ఎందుకు మాయమవుతుంది? జీడీబీ మామూలుగా అడ్రస్‌ల యాదృచ్ఛిక అమరికను ఆపేసి ప్రోగ్రాంని నడుపుతుంది. అడ్రస్‌లు మారితే చెత్త కూడా మారుతుంది. "సెట్ డిసేబుల్-రాండమైజేషన్ ఆఫ్" అని ఇచ్చి నడపండి, తప్పు తిరిగి కనపడే అవకాశం ఉంటుంది.

ఇక సాల్వర్ లోపలి ముసుగులు. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్తాను, ఎందుకంటే ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. రూంగే-కుట్టా పద్ధతి ఒక్కో స్టెప్‌ని కొన్ని దశల్లో లెక్కిస్తుంది. అందులో ప్రతి దశకీ ముందు దశల కే విలువలను, అంటే అక్కడ లెక్కించిన అవకలజాలను, పట్టికలోని గుణకాలతో గుణించి కూడతాం. ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో పట్టిక కింది త్రిభుజమే, పైన అంతా సున్నాలు. లూప్ హద్దు తప్పు రాసి అన్ని దశల మీదా తిప్పారనుకోండి. ఇంకా లెక్కించని కే5, కే6లను సున్నాతో గుణిస్తున్నారు. చెత్త మామూలు సంఖ్య అయితే సున్నా సార్లు చెత్త సున్నా, ఏమీ కనపడదు. ఆ చెత్త నాన్ అయితే? నాన్ అంటే "ఇది సంఖ్య కాదు" అని చెప్పే విలువ. సున్నా సార్లు నాన్ సున్నా కాదు, నాన్! మొత్తం స్టెప్ నాన్ అయిపోతుంది. ఏడాది పాటు నడిచిన కోడు ఒక రోజు ఉన్నట్టుండి నాన్ చూపిస్తే ఇలాంటి చోట వెతకండి.

నాన్ వచ్చాక కూడా అది కనపడుతుందన్న నమ్మకం లేదు. నాన్‌తో ఏ పోలికైనా, పెద్దదా, చిన్నదా, సమానమా అని అడిగితే, జవాబు "కాదు". ఇప్పుడు తప్పు నార్మ్, అంటే అన్ని అంశాల తప్పునీ టాలరెన్స్‌తో పోల్చి చెప్పే ఒక్క సంఖ్య, నాన్ అయిందనుకోండి. మీరు "తప్పు ఒకటి కన్నా ఎక్కువైతే తిరస్కరించు" అని రాశారు. నాన్ ఒకటి కన్నా ఎక్కువా? కాదు. అంటే తిరస్కరించదు, ఒప్పుకుంటుంది. అదే "తప్పు ఒకటి కన్నా తక్కువో సమానమో అయితే ఒప్పుకో, లేకపోతే తిరస్కరించు" అని రాస్తే, తిరస్కరిస్తుంది. రెండూ ఒకటే అనుకుంటాం. నాన్ దగ్గర రెండూ వేరు. ఎప్పుడూ రెండోదే రాయండి.

సరే, తిరస్కరించింది. తరవాత కొత్త స్టెప్ గుణకం లెక్కిస్తాం, 0.9 సార్లు తప్పు ఘాతం మైనస్ అయిదో వంతు, ఇలా. అది నాన్. దాన్ని 0.2కీ 5కీ మధ్య బిగించడానికి సీలో ఎఫ్‌మ్యాక్స్, ఎఫ్‌మిన్ వాడతాం. ఎఫ్‌మ్యాక్స్ నియమం ఏమిటి? రెండింట్లో ఒకటి నాన్ అయితే రెండోది ఇస్తుంది. అంటే ఎఫ్‌మ్యాక్స్ ముందు పడితే 0.2 వచ్చేస్తుంది, నాన్ జాడ కూడా మిగలదు. స్టెప్ అయిదో వంతుకి తగ్గుతుంది, మళ్లీ నాన్, మళ్లీ అయిదో వంతు. చివరికి "స్టెప్ సైజు మరీ చిన్నది". మొదట్లో చెప్పుకున్న స్టిఫ్‌నెస్ సందేశం ఇలా పుట్టింది! సీ ప్లస్ ప్లస్ వాళ్లకి ఇంకో చిక్కు: స్టాండర్డ్ మ్యాక్స్ ఫంక్షన్‌లో నాన్ మొదటి స్థానంలో ఉంటే నాన్ వస్తుంది, రెండో స్థానంలో ఉంటే మొదటి సంఖ్యే వస్తుంది. ఆర్గ్యుమెంట్ల వరస మారితే ఫలితం మారుతుంది. గరిష్ఠ నార్మ్‌ని మీరే లూప్‌లో రాసుకుని ఉంటే, "ఇది ఇప్పటిదాకా చూసినదాని కన్నా పెద్దదైతే" అనే పోలిక నాన్ ఉన్న భాగాన్ని చక్కగా దాటేసి పోతుంది.

ఎక్కడెక్కడ వెతకాలి

ప్రతి సాల్వర్‌లోనూ దాదాపు అవే చోట్లు ఉంటాయి. మొదటిది మీరు రాసే కుడివైపు ఫంక్షన్. మూడు సమీకరణాలున్నాయి, రెండు అవకలజాలకే విలువ ఇచ్చి మూడోది మరిచారు. ఒక షరతు లోపల ఇచ్చారు, ఎల్స్ భాగంలో ఇవ్వలేదు, అది ఇంకా ఎక్కువ. కొన్ని లైబ్రరీల అలవాటు కూడా ఇక్కడ మోసం చేస్తుంది. ఎల్‌సోడ్, సీవోడ్ అనే సాల్వర్ లైబ్రరీలు రెండూ మీ జాకోబియన్ (కుడివైపు ఫంక్షన్ పాక్షిక అవకలజాల మాత్రిక) ఫంక్షన్‌ని పిలిచే ముందు మాత్రికను సున్నాలతో నింపి ఇస్తాయి, సున్నా కాని అంశాలు మాత్రం మీరు నింపితే చాలు. అవకలజాల వెక్టర్‌కి అలాంటి హామీ లేదు. జాకోబియన్‌కి అలవాటుపడి అవకలజాల విషయంలోనూ అలాగే అనుకుంటే దొరికిపోతాం. అదే జాకోబియన్ రొటీన్‌ని తీసుకెళ్లి మీ సొంత సాల్వర్‌కి తగిలిస్తే, అక్కడ సున్నాలు నింపే నాథుడుండడు.

ఎల్‌సోడ్ వాడేవాళ్లు ఇంకోటి చూసుకోండి. ఐచ్ఛిక ఇన్‌పుట్‌లు వాడతామని చెప్పే ఐఆప్ట్‌కి 1 అని ఇస్తే, ఆర్‌వర్క్, ఐవర్క్ అనే వర్క్ అర్రేలు రెండింటిలోనూ 5 నుంచి 7 దాకా స్థానాలను అది చదువుతుంది. మీకు కావలసింది గరిష్ఠ స్టెప్‌ల సంఖ్య ఒక్కటే అయినా, మిగతావన్నీ ముందు సున్నా చెయ్యాలి. సున్నా అంటే "నీ మామూలు విలువ వాడుకో" అని అర్థం. చెయ్యకపోతే మొదటి స్టెప్, గరిష్ఠ స్టెప్, కనిష్ఠ స్టెప్, అన్నీ చెత్తే.

రెండోది, మొదటి స్టెప్ ప్రత్యేకం. ముందు స్టెప్ తప్పుని గుర్తుంచుకునే కంట్రోలర్, అంటే స్టెప్ సైజు నిర్ణయించే భాగం, ఉందనుకోండి, మొదటి స్టెప్‌లో "ముందు స్టెప్" ఏదీ? దానికి మనమే విలువ ఇవ్వాలి. డోర్మండ్-ప్రిన్స్ అనే రూంగే-కుట్టా పద్ధతి వాడే డోప్రి5 ప్రోగ్రాం దానికి 10⁻⁴ ఇస్తుంది. ఇంప్లిసిట్ పద్ధతుల్లో సమీకరణాలు సాధించే న్యూటన్ ఇటరేషన్‌లో కన్వర్జెన్స్ వేగం, అంటే సమాధానానికి ఎంత త్వరగా చేరుతున్నామన్నది, లెక్కించడానికి ముందు నార్మ్ కావాలి, మొదటి ఇటరేషన్‌లో అది లేదు. సంఘటనలు, అంటే ఒక ఫంక్షన్ సున్నా దాటే క్షణాలు, పట్టుకునే కోడులో ముందు గుర్తుతో (ప్లస్సా, మైనస్సా) పోలుస్తాం, మొదట్లో ముందు గుర్తు లేదు, చెత్త గుర్తు మైనస్ అయితే ఆరంభంలోనే లేని సంఘటన ఒకటి పుడుతుంది. డోర్మండ్-ప్రిన్స్ పద్ధతిలో ఏడో దశ తరవాతి స్టెప్‌కి మొదటి దశగా పనికొస్తుంది, కానీ మొట్టమొదటి స్టెప్‌లో కే1ని విడిగా లెక్కించాలి. చూడండి, అన్నిటి వెనకా ఒకటే కథ: "గతం" మీద ఆధారపడే ప్రతి వేరియబుల్‌కీ మొదటి స్టెప్‌లో గతం లేదు.

మూడోది, కూడిక పెట్టెలు, అంటే మొత్తాన్ని పోగేసే వేరియబుళ్లు. దీనికి అంకెలతో చూద్దాం. వై ప్రైమ్ = మైనస్ వై, వై మొదట 1, హెచ్ 0.1. నాలుగో క్రమం రూంగే-కుట్టా. మొదటి స్టెప్‌కి 0.9048375 రావాలి. వస్తుంది, ఎందుకంటే పెట్టె అదృష్టవశాత్తూ సున్నాతో మొదలైంది. పెట్టెలో ఇప్పుడు మైనస్ 0.0951625 ఉంది. రెండో స్టెప్‌కి దాన్ని మళ్లీ సున్నా చెయ్యలేదు. రావలసింది 0.8187309. వచ్చేది 0.7235684. తేడా కచ్చితంగా ఆ మైనస్ 0.0951625. ఒక్క స్టెప్‌ని మాత్రమే పరీక్షించే టెస్టు దీన్ని ఎప్పటికీ పట్టుకోదు. కనీసం రెండు స్టెప్‌లు నడపని టెస్టుని సాల్వర్ టెస్టు అనకండి.

ఫోర్ట్రాన్ వాళ్లు ఇక్కడ చెవి ఒగ్గి వినండి. ఈ తప్పుని సరిదిద్దుతున్నామనుకుని సబ్‌రొటీన్ లోపల డిక్లరేషన్ వరసలోనే "సమ్ = 0.0" అని రాస్తారు. అది ప్రతి పిలుపుకీ సున్నా చెయ్యదు! డిక్లరేషన్‌లో విలువ ఇస్తే ఆ వేరియబుల్‌కి సేవ్ లక్షణం వచ్చేస్తుంది. ప్రోగ్రాం మొత్తంలో ఒక్కసారే సున్నా, ఆ తరవాత పాత విలువే కొనసాగుతుంది. విలువ ఇచ్చే వాక్యాన్ని కిందికి, అమలయ్యే భాగంలోకి దించండి. ఇంటెంట్ అవుట్ అని, అంటే బయటికి ఫలితం ఇవ్వడానికే అని, రాసిన అర్రే కూడా అంతే: రొటీన్‌లోకి అడుగు పెట్టగానే దాని పాత విలువలకి పూచీ లేదు, కొన్ని అంశాలే నింపి వస్తే మిగతావి గాలికే.

ఒకేసారి చాలా థ్రెడ్‌లు నడపడానికి ఓపెన్‌ఎంపీ వాడితే ప్రైవేట్ అని రాసిన వేరియబుల్‌కి ప్రతి థ్రెడ్‌లోనూ కొత్త కాపీ వస్తుంది, అందులో చెత్తే ఉంటుంది. బయటి విలువ లోపలికి కావాలంటే ఫస్ట్‌ప్రైవేట్ రాయాలి.

సున్నా వద్దు, విషం పెట్టండి

"ఇంత గొడవెందుకు, మాలాక్ బదులు కాలాక్ పెట్టేస్తే పోలేదా?" అని మీలో కొందరికి అనిపిస్తూ ఉంటుంది. కాలాక్ అన్నీ సున్నా చేస్తుంది, నిజమే. రన్‌కీ రన్‌కీ తేడా పోతుంది, అదీ నిజమే. కానీ మూడో అవకలజాన్ని మరిచిపోయిన ఫంక్షన్ సంగతేమిటి? ఇప్పుడు అది సున్నా. మూడో చలరాశి కదలదు, నిశ్చలంగా ఉంటుంది. సమాధానం ప్రతిసారీ ఒకేలా తప్పుగా వస్తుంది. ఇది ముందుకన్నా ప్రమాదం, ఎందుకంటే కనపడే తప్పుని కనపడని తప్పుగా మార్చారు. డీబగ్గింగ్‌లో మనకి కావలసింది సున్నా కాదు, విషం: చదివితే వెంటనే బయటపడే విలువ.

నేను గట్టిగా నమ్మే పరీక్ష ఇది. సాల్వర్ వాడే ప్రతి వర్క్ అర్రేనీ లెక్క మొదలుపెట్టే ముందు ఒకసారి సున్నాతో, ఒకసారి నాన్‌తో, ఒకసారి 10³⁰తో నింపి మూడుసార్లు నడపండి. ఫలితాలు ఉజ్జాయింపుగా కాదు, బిట్టు బిట్టూ ఒకటే ఉండాలి. వర్క్ అర్రేలో ముందు ఏమున్నా సమాధానానికి సంబంధం ఉండకూడదు కదా? ఆ మాటనే నేరుగా పరీక్షిస్తున్నాం. నాన్ ఒక్కటి చాలదా? చాలదు. ఎఫ్‌మ్యాక్స్ నాన్‌ని దాచేస్తుంది, 10³⁰ని దాచలేదు. సున్నాతో గుణింతం 10³⁰ని దాచేస్తుంది, నాన్‌ని దాచలేదు. రెండూ కావాలి.

ఇంకో మెట్టు పైకి వెళ్లండి. లెక్క మొదట్లోనే కాదు, ప్రతి స్టెప్ మొదట్లోనూ విషం పెట్టండి. కే2 నుంచి చివరి దశ దాకా నాన్. కే1కి పెట్టకండి, అది ముందు స్టెప్ నుంచి వస్తోంది. మల్టీస్టెప్ పద్ధతుల్లో చరిత్ర అర్రేకి కూడా ఇప్పుడు వాడుతున్న క్రమం దాకా పెట్టకండి, ఆ పై నిలువు వరసలకి పెట్టండి. క్రమం పెంచేటప్పుడు ఎవరూ రాయని వరసను చదివితే అక్కడే దొరుకుతుంది. ఈ పని చేయడంలో ఇంకో లాభం ఉంది: ఏది స్టెప్‌ల మధ్య నిలవాలి, ఏది చిత్తు కాగితం అన్నది మీరు రాసి తేల్చుకోవలసి వస్తుంది.

నాన్ బయటపడ్డాక మూలం ఎలా పట్టాలి? ప్రతి దశ తరవాతా వెక్టర్ మొత్తం తనిఖీ చేసి, మొదటి నాన్ దగ్గరే ఆపండి. ఏ స్టెప్, ఏ దశ, ఏ అంశం, మూడూ అచ్చు వెయ్యండి. ఆ మూడు అంకెలే సగం పని చేస్తాయి. చివరి అంశం ఒక్కటే నాన్ అయితే లూప్ హద్దు. మొదటిదీ చివరిదీ అయితే సరిహద్దు బయట అదనంగా పెట్టే గళ్లు, గోస్ట్ సెల్స్. మొదటి దశ బాగుండి, రెండో దశలో అన్నీ ఒకేసారి పోతే హెచ్ విలువ చూడండి. ఇంప్లిసిట్ పద్ధతిలో అయితే జాకోబియన్‌ని ఎల్‌యూకి, అంటే మాత్రికను రెండు త్రిభుజ మాత్రికలుగా విడగొట్టే రొటీన్‌కి, పంపే ముందే తనిఖీ చెయ్యండి. ఎల్‌యూ ఒక్క నాన్‌ని చాలా అంశాలకి పాకించేస్తుంది, ఆ తరవాత చూస్తే ఆనవాలు దొరకదు.

ఇక పనిముట్లు, త్వరగా చెప్తాను. జీసీసీ కంపైలర్‌లో హెచ్చరికలు చూపే -వాల్ ఇచ్చి కంపైల్ చెయ్యండి, కానీ ఆప్టిమైజేషన్ ఆప్షన్ -ఓ2తో కలిపి. ఆప్టిమైజేషన్ లేకుండా "బహుశా ఇనిషియలైజ్ కాలేదు" అనే హెచ్చరికలు చాలా వరకు రావు. జీఫోర్ట్రాన్‌లో రియల్ వేరియబుళ్లకి సిగ్నలింగ్ నాన్ (లెక్కలో వాడగానే ఎర్రర్ లేపే నాన్) నింపే ఆప్షన్ ఉంది, దానితో పాటు ఇన్వాలిడ్ ఫ్లోటింగ్ ట్రాప్ కూడా పెడితే తప్పు జరిగిన వరస దగ్గరే ఆగుతుంది. అయితే అది అలొకేటబుల్ అర్రేలని, అంటే నడుస్తుండగా సైజు ఇచ్చేవాటిని, నింపదు. సాల్వర్‌లో పెద్ద అర్రేలన్నీ అవే కదా, వాటికి మీరే నింపుకోవాలి. సీ ప్లస్ ప్లస్‌లో ఐగెన్ మాత్రికల లైబ్రరీ వాడితే, మాత్రికలని నాన్‌తో ఇనిషియలైజ్ చేసే మాక్రో ఒకటి సిద్ధంగా ఉంది. జూలియాలో సిమిలర్, నంపైలో ఎంప్టీ, రెండూ శుభ్రం చెయ్యని మెమరీ ఇస్తాయి, డీబగ్ చేసేటప్పుడు వెంటనే నాన్‌తో నింపండి. కోడు మార్చకుండా చూడాలంటే జీలిబ్‌సీలో మాలాక్ పెర్టర్బ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది. దానికి 128 ఇస్తే మాలాక్ ఇచ్చే ప్రతి బైటూ 127తో నిండుతుంది, డబుల్‌గా చదివితే సుమారు 1.38 × 10³⁰⁶. తప్పు నార్మ్‌లో దాన్ని వర్గం చేయగానే అనంతం అయిపోతుంది, దాక్కోలేదు.

వాల్‌గ్రైండ్ అనే మెమరీ తనిఖీ పనిముట్టు గురించి ఒక్కటి తెలుసుకోండి. చెత్తని కాపీ చేసినా, కూడినా, గుణించినా అది నోరెత్తదు. ముఖ్యంగా ఆ విలువ మీద ఒక ఇఫ్ ఆధారపడినప్పుడు ఫిర్యాదు చేస్తుంది. సాల్వర్‌లో ఆ ఇఫ్ ఎక్కడుంది? స్టెప్‌ని ఒప్పుకునే చోట. అందుకే ఫిర్యాదు ఎక్కువగా స్టెప్ కంట్రోలర్ మీద పడుతుంది, తప్పు మాత్రం ఎక్కడో కుడివైపు ఫంక్షన్‌లో ఉంటుంది. కంట్రోలర్‌ని తవ్వి వారం పోగొట్టుకోకండి. ట్రాక్-ఆరిజిన్స్ ఎస్ అని ఇవ్వండి, ఆ మెమరీ ఎక్కడ పుట్టిందో చెప్తుంది. ఇంకా దగ్గరికి రావాలంటే దాని హెడర్‌లోని "ఈ మెమరీ నిర్వచితమేనా" అని అడిగే మాక్రోని ప్రతి దశ తరవాతా పెట్టండి. ఇరవై ముప్ఫై రెట్లు నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి ఐదారు స్టెప్‌లతో సరిపెట్టండి. ముందు స్టెప్ నుంచి మిగిలిన పాత విలువని మాత్రం వాల్‌గ్రైండ్ తప్పు అనదు, ఎందుకంటే దాని దృష్టిలో అక్కడ ఎవరో రాశారు. దానికి ప్రతి స్టెప్‌కీ పెట్టే విషమే మందు.

అడ్రస్ శానిటైజర్ ఈ తప్పుని పట్టదు, అది హద్దులు దాటడాన్ని పడుతుంది. మీకు కావలసింది క్లాంగ్‌లోని మెమరీ శానిటైజర్. అది వాల్‌గ్రైండ్ కన్నా వేగంగా నడుస్తుంది, కానీ లింక్ చేసే లైబ్రరీలన్నీ దానితోనే కంపైల్ కావాలి, లేకపోతే మాత్రికల లైబ్రరీ లాపాక్ రాసిన ఫలితాలన్నిటినీ చెత్త అంటుంది. వీటన్నిటికన్నా ముందు, లెక్కల వేగం కోసం కంపైలర్‌కి ఇచ్చే ఫాస్ట్-మాథ్ ఆప్షన్ తీసెయ్యండి. అది "నాన్ ఎప్పుడూ రాదు" అని కంపైలర్‌కి మాటిస్తుంది, మీరు పెట్టిన నాన్ తనిఖీలను కంపైలర్ తీసిపారెయ్యొచ్చు.

ప్రశ్న వచ్చింది: ఈ నింపడాలన్నీ విడుదల చేసే బిల్డ్‌లో ఉంచాలా అని. ప్రతి స్టెప్‌కీ నాన్ నింపడం ఉంచక్కర్లేదు, దాన్ని డీబగ్ బిల్డ్‌కి పరిమితం చెయ్యండి. మొదటి స్టెప్‌లో గతం లేని వేరియబుళ్లకి విలువ ఇవ్వడం, తప్పు నార్మ్ పరిమిత సంఖ్యేనా అని స్టెప్‌కి ఒకసారి అడగడం, ఈ రెండూ విడుదలలోనూ ఉండాలి. ఎన్ని సమీకరణాలున్నా రెండోది ఒక్క సంఖ్య మీద ఒక్క పరీక్ష, దాని ఖర్చు లెక్కలోకి రాదు. నాన్ వస్తే స్టెప్ తగ్గించడం కాదు, "ఈ స్టెప్‌లో, ఈ కాలం దగ్గర, నార్మ్ సంఖ్య కాదు" అని వేరే ఎర్రర్ కోడుతో వెనక్కి రండి. "స్టెప్ చిన్నది" అనే కోడుతో దాన్ని కలపకండి.